దేవుడి సాక్షిగా, సొంత మాటల్లో పెళ్లి ప్రమాణం

పెళ్లి ప్రమాణాలను సొంత మాటల్లో రాసుకోవాలని, వాటిలో తమ విశ్వాసమూ పలకాలని కోరుకునే జంటలు చాలావరకు ఒకే చోట తడబడతాయి. రాసుకున్నదాంట్లో ఎదుటి మనిషి మంచితనం ఉంటుంది, ఇద్దరినీ కలిపిన దేవుడికి కృతజ్ఞత ఉంటుంది. రేపటి నుంచి తాను ఏం చేస్తానన్నది మాత్రం ఉండదు. కృతజ్ఞత చెప్పుకోవలసిందే కానీ, దానితో మాట ఇచ్చినట్లు కాదు.

మతాలు అందించిన పాత మాటలు ఈ విషయంలో ఎంతో నిక్కచ్చిగా ఉన్నాయి. హిందూ వివాహంలో వరుడు ధర్మార్థకామాలను పేరుపేరునా చెప్పి ‘నాతిచరామి’ అంటాడు. 1549 నాటి ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) ప్రార్థనా గ్రంథంలోని వివాహ క్రమం లేమినీ, రోగాన్నీ, చివరకు మరణాన్నీ పెళ్లినాడే వధూవరుల నోట పలికిస్తుంది. ఖురాన్ నాలుగో సూరాలోని 21వ ఆయత్ వివాహాన్ని దృఢమైన ఒడంబడికగా పేర్కొంటుంది. అదీ, భార్యకు ఇచ్చినదాన్ని విడిపోయే వేళ తిరిగి తీసుకోవద్దని భర్తను హెచ్చరిస్తున్న సందర్భంలో. కష్టకాలాన్ని కళ్లెదుట పెట్టుకుని పలికిన మాటలు కాబట్టే ఇవి ఇన్ని శతాబ్దాలు నిలిచాయని నా నమ్మకం.

అందువల్ల పవిత్ర గ్రంథం నుంచి ఒక వాక్యాన్ని ఎంచుకునేటప్పుడు, అది ఎంత అందంగా ఉందన్నదానికన్నా నన్ను ఏం చేయమంటోందన్నది ముందుగా ఆలోచించాలి. క్రైస్తవ పెళ్లిళ్లలో తరచుగా చదివే, ‘నీవు వెళ్లే చోటికే నేనూ వస్తాను’ అన్న బైబిల్‌లోని రూతు మాటలు నిజానికి భర్తను కోల్పోయిన కోడలు, తనలాగే దిక్కులేనిదైన అత్తతో అన్నవి. ప్రేమ దీర్ఘకాలం సహిస్తుందని అపొస్తలుడైన పౌలు రాసింది కొరింథులో తమలో తాము కలహించుకుంటున్న క్రైస్తవ సంఘానికి. ఈ నేపథ్యం తెలిసినవారు ఆ వాక్యాలను అలంకారంగా వాడలేరు. ‘సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలుపుకోవద్దు’ అన్న, బైబిల్‌లో ఎఫెసీయులకు రాసిన లేఖలోని మాటను తీసుకున్నవారు, ‘గొడవపడిన రోజున మాట్లాడటానికి ముందుగా నేనే వస్తాను’ అని రాసుకోగలిగితే, ఆ వాక్యం అప్పుడు వారి సొంతమవుతుంది.

ఇక ‘నిన్ను ఎన్నడూ బాధపెట్టను’ వంటి, ఏ మనిషీ నిలబెట్టుకోలేని హామీల విషయం. పురోహితుడు లేకుండా వధూవరులే ఒకరికొకరు మాట ఇచ్చుకునే క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి వివాహంలో ‘దైవ సహాయంతో’ అన్న మాట సంప్రదాయంగా వస్తుంది. తన బలహీనత తెలిసిన విశ్వాసి అలాగే మాట్లాడతాడు.

మత క్రమంలోని మాటలను మార్చే స్వేచ్ఛ అన్నిచోట్లా ఉండదు. కాథలిక్ వివాహంలో సమ్మతిని సంఘం ఆమోదించిన రూపంలోనే పలకాలి కనుక, సొంత మాటలకు వేరే సమయం కేటాయించుకోవాలి. పెళ్లి జరిపించేవారిని ముందే అడగడం మంచిది. ఇద్దరి మతాలు వేరైనప్పుడు ఎవరి భాగాన్ని వారు తమ విశ్వాసం మేరకే రాసుకోవాలి. ఎదుటివారిని సంతోషపెట్టడానికి తాను నమ్మని దేవుడి పేరున ప్రమాణం చేస్తే, ఆ దాంపత్యం మొదటి రోజే ఒక అబద్ధాన్ని మోయవలసి వస్తుంది.