ఒక్క శాతం శాస్త్రం

"పీడీఏలు (అడ్రసులూ అపాయింట్‌మెంట్లూ దాచుకునే అరచేతి కంప్యూటర్లు) చేసే కంపెనీ ఫోన్లలోకి దిగుతోందట" అన్న మాట చెవిన పడగానే దాని షేరుకు ధర కట్టడం 2000 ప్రాంతంలో ఒక శాస్త్రం. పుకారని తీసిపారేసేవాళ్లకు లెక్కలు రావని అర్థం. పద్ధతి ఇదీ: 2000లో ప్రపంచమంతా కలిపి దాదాపు 40 కోట్ల సెల్‌ఫోన్లు అమ్ముడయ్యాయి. అందులో ఒక్క శాతం మన కంపెనీ పేర రాసెయ్యాలి. రెండు రాస్తే ఆశపోతంటారు. ఒకటి దగ్గర ఆగితే "ఆచితూచి వేసిన అంచనా" అంటారు. నలభై లక్షల ఫోన్లు, ఒక్కోటి 400 డాలర్లనుకుంటే 160 కోట్ల డాలర్లు. ఇక ఫోను తయారుచేయడమొక్కటే మిగిలింది. అది ఇంజనీర్లు చూసుకుంటారు.

ఈ శాస్త్రానికి పరాకాష్ఠ 2000 మార్చి 2. ఆ రోజు పీడీఏలు చేసే పామ్ కంపెనీ షేరు మార్కెట్లోకొచ్చింది. నోకియా, మోటరోలా కూడా కాస్త వాటా తీసుకుంటున్నాయంటే మదుపర్లు దాన్ని పెళ్లి నిశ్చయం కిందే జమకట్టారు. 38 డాలర్లకు ఇచ్చిన షేరు 165 దాకా ఎగిరి 95 దగ్గర ముగిసింది. అప్పటికీ పామ్‌లో దాదాపు 95 శాతం వాటా మాతృసంస్థ త్రీకామ్ చేతిలోనే ఉంది. ఒక త్రీకామ్ షేరు ఉన్నవాడికి కొన్ని నెలల్లో ఒకటిన్నర పామ్ షేర్లు వస్తాయని ముందే చెప్పారు. అంటే త్రీకామ్ షేరు కనీసం 142 డాలర్లు పలకాలి. పలికింది 82 లోపే. త్రీకామ్ మిగతా వ్యాపారమంతా, బ్యాంకులో ఉన్న నగదుతో సహా, షేరుకు మైనస్ 60 డాలర్లని మార్కెట్ తేల్చింది. కూడిక వచ్చినవాడికి తీసివేత కూడా రావాలని ఎక్కడుంది?

ఫోన్‌లో రేడియో ఉంటుందన్నది చిన్న విషయమే. ఇంజనీర్లు ఊరుకోరు కాబట్టి చెప్పాలి. పీడీఏ రెండు ట్రిపుల్ ఏ సెల్స్‌తో వారాల తరబడి నడిచేది, ఎందుకంటే అది చాలాసేపు నిద్రలోనే ఉండేది. సెల్‌ఫోన్లు వాడే జీఎస్ఎం పద్ధతి రేడియోకి ఆ సుఖం లేదు. మాట్లాడుతున్నంతసేపూ సెకనుకు 217 సార్లు సిగ్నల్ విసురుతూనే ఉండాలి. టవర్ దూరమైతే ఒక్కో విసురుకు పట్టే అర మిల్లీసెకనులో రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. చిన్న ఆల్కలైన్ సెల్స్‌కి లోపలి నిరోధం ఎక్కువ, అంత కరెంటు ఇవ్వలేవు. వోల్టేజీ జారిపోతుంది, ప్రాసెసర్ రీసెట్ అవుతుంది. సెల్స్ పూర్తిగా చచ్చాయా, ర్యామ్‌లో దాచిన అడ్రసులూ అపాయింట్‌మెంట్లూ వాటితోనే పోతాయి. అందుకే హ్యాండ్‌స్ప్రింగ్ అనే మరో పీడీఏ కంపెనీ 2000 చివర్లో తన పీడీఏ వైజర్ వెనక దూర్చే వైజర్‌ఫోన్ తెచ్చినప్పుడు, ఆ ముక్కకు విడిగా ఓ రీఛార్జబుల్ బ్యాటరీ పెట్టింది. వైజర్‌లో ట్రిపుల్ ఏలు మార్చాలి, ఫోన్ ముక్కకు ఛార్జింగ్ పెట్టాలి. విశ్లేషకులు దీన్ని కన్వర్జెన్స్, అంటే రెండు పరికరాలు ఒకటైపోవడం, అన్నారు.

ఆపైన ఆపరేటరు. పీడీఏని దుకాణంలో పెడితే సరిపోయేది. అప్పట్లో అమెరికాలో ఫోను అమ్మాలంటే ఆపరేటరు దయ ఉండాల్సి వచ్చేది: తన నెట్‌వర్క్ మీద నెలల తరబడి పరీక్షించేవాడు, సబ్సిడీ ఎంతో తేల్చేవాడు, లోగో ఎక్కడుండాలో చెప్పేవాడు. అక్కడి 1900 మెగాహెర్ట్జ్‌కి మాత్రమే చేసిన రేడియో యూరప్‌లో 900 మీద పనిచేయదు. ఇవన్నీ తెమిలేలోగా మోడల్ పాతబడేది. ఒక్క శాతం లెక్కలో వీటికి గడి లేదు.

అన్యాయం ఏమిటంటే, పీడీఏ కంపెనీ ఫోన్లలోకి దిగుతుందన్న జోస్యం నిజమే అయింది. 2002లో హ్యాండ్‌స్ప్రింగ్ ట్రియో వచ్చింది, మంచి ఫోనే. మరుసటేడు పామ్ హ్యాండ్‌స్ప్రింగ్‌ను కలిపేసుకుంది. మొదటి రోజు మార్కెట్ సుమారు 5,300 కోట్ల డాలర్లు కట్టిన కంపెనీని 2010లో హెచ్‌పీ 120 కోట్లకు కొంది. మధ్యలో, 2002లో, కూడిక ఫలించడం లేదని గ్రహించి కంపెనీయే గుణకారానికి దిగింది: 20 షేర్లు కలిపి ఒకటి చేసింది. మదుపరి చేతిలో ధర రాత్రికి రాత్రే ఇరవై రెట్లయింది.