బి ఫర్ బొంబాయి

మా బాబాయి తెనాలిలో రిటైరైన సోషల్ మాస్టారు. మెయిళ్ళు బ్రౌజర్‌లో చదవరు. కంప్యూటర్‌లో తండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం ఉండాల్సిందే. సంక్రాంతికి వెళ్ళినప్పుడు 993, 587 అంటూ పోర్టు నంబర్లన్నీ నేనే పెట్టి వచ్చాను. నిన్న పొద్దున అది ఉన్నట్టుండి "యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు" అని మొరాయించింది. నిజానికి రెండూ సరిగ్గానే ఉన్నాయి. మెయిల్ కంపెనీవాళ్ళు ఇకమీద మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోరట, ఇలాంటి ప్రోగ్రాంల కోసం విడిగా ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ కావాలట. ఆ ముక్క అక్కడే రాస్తే వాళ్ళ సొమ్మేం పోయిందో!

ఓటీపీ ఎలా తెప్పించానన్నది ఇంకో వ్యాసం. మొత్తానికి సాయంత్రం మెట్రో ఎక్కేసరికి ఆ 16 అక్షరాలు నా ఫోన్‌లో ఉన్నాయి, కింద "ఎవరికీ చెప్పవద్దు" అన్న హెచ్చరికతో సహా. పేజీ మూసేస్తే మళ్ళీ చూపించరు. బాబాయిది బటన్ ఫోను. మెసేజ్ పెడతానంటే, "అది చూడబోతే కాల్ కట్టయిపోతుందిరా, నోటితో చెప్పు" అన్నారు.

అమీర్‌పేటలో జనం తోసుకుంటూ ఎక్కారు. నేను ఓ చేత్తో కమ్మీ పట్టుకుని మొదలెట్టాను.

"బి ఫర్ బొంబాయి."

"ఊఁ."

"సి ఫర్ కలకత్తా. ఎం ఫర్ మద్రాస్."

"కొట్టాను."

ఇంత సాఫీగా సాగుతోందేమిటని అనుమానమొచ్చింది. "పక్కన కన్ను బొమ్మ ఉంటుంది బాబాయ్, అది నొక్కి పైకి చదవండి" అన్నాను.

"ఎం, కె, సి."

"అదేంటి! మొదటిది బి కదా?"

"బొంబాయి ఇంకా ఎక్కడుందిరా? 1995లోనే ముంబై అయింది. మద్రాసు 1996లో చెన్నై. కలకత్తా 2001లో కోల్‌కతా. నేను నీకు పాఠం చెప్పలేదూ?"

చెప్పారు, మార్కులు కూడా తగ్గించారు. ఊళ్ళు వదిలేసి ఉత్త అక్షరాలు అరవడం మొదలెట్టాను. బి అంటే డి, డి అంటే పి వినిపిస్తోందట. ఈలోగా పై స్పీకర్‌లో ఖైరతాబాద్ వస్తోందని ప్రకటించారు.

"కె కొట్టాను, తరవాత?"

"అది నేను కాదు బాబాయ్, మెట్రో!"

అప్పటికి పెట్టెలో అందరూ సెల్‌ఫోన్లు పక్కన పెట్టి నన్నే చూస్తున్నారు. పక్కసీటు పెద్దాయన, "ఆయన్ని కాస్త నెమ్మదిగా కొట్టమనండి" అని సలహా. ఓ కాలేజీ అమ్మాయైతే, "అంకుల్, ఇందాక జె అన్నారు, ఇప్పుడు జి అంటున్నారు" అని దిద్దింది. ఆ పిల్ల చెప్పిందే కరెక్టు.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర బాబాయి, "వచ్చేశాయిరా మెయిళ్ళు!" అని కేక పెట్టారు. పెద్దాయన నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

"అన్నిటికంటే పైన ఒకటుంది, ఆ కంపెనీవాళ్ళదే" అన్నారు బాబాయి. "మన ఖాతాలో ఎవరో కొత్త పాస్‌వర్డ్ తయారుచేశారట, అది మీరు కాకపోతే ఇక్కడ నొక్కి రద్దు చేయండి అని రాశారు."

"బాబాయ్, దాన్ని ముట్టుకోకండి."

"చేసింది నువ్వు కదరా, నేను కాదుగా. నొక్కేశాను."