పార్కు చుట్టూ ఒక అప్రదక్షిణం

మా అత్తగారూ మావగారూ తెనాలి నుంచి వచ్చిన మూడో రోజున, ఇంటిల్లిపాదీ హైదరాబాదులోని కేబీఆర్ పార్కుకు నడకకు వెళ్ళాలని మా ఆవిడ నిర్ణయించింది. దీనికి అసలు కారణం నా షుగరు రిపోర్టే అయినా, నన్నొక్కడినే పంపితే దారిలో ఇడ్లీ బండి దగ్గర ఆగిపోతానన్న అనుమానం కూడా ఆమెకు ఉంది. ఆ అనుమానానికి ఆధారాలు ఉన్నాయి కనుక నేను వాదించలేదు.

1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఆ అడవి లోపల నడవాలంటే టిక్కెట్టు కొనాలి. ప్రహరీ వెంట బయట పరిచిన బాట మీద నడవడానికి పైసా ఇవ్వనక్కరలేదు. 350 ఎకరాలకు పైబడిన అడవిని చుట్టి వచ్చే ఆ బాట అయిదారు కిలోమీటర్ల పొడవుంటుంది. మావగారు గేటు దగ్గరి బోర్డు మీద పార్కు పూర్తి పేరును కళ్ళజోడు సవరించుకుని చదివి, "కాసు బ్రహ్మానందరెడ్డి గారు మా గుంటూరు జిల్లా వారే అల్లుడుగారూ! 1964 నుంచి 1971 దాకా ముఖ్యమంత్రిగా చేశారు" అని, ఆ పార్కులో తమకూ కొంత వాటా ఉన్నట్టు ఛాతీ విరిచి నిలబడ్డారు. తరువాత బాట వైపు చూసి, "ఇది ఎక్కడికి పోతుంది?" అని అడిగారు.

"ఎక్కడికీ పోదండీ, చుట్టూ తిరిగి మళ్ళీ ఇక్కడికే వస్తుంది."

"ఇక్కడికే రావడానికి అంత దూరం పోవడం ఎందుకండీ? ఇక్కడే ఉంటే పోలా?"

దీనికి నా దగ్గరే కాదు, మా డాక్టరు దగ్గర కూడా సమాధానం ఉంటుందనుకోను. నడకలో ఎవరూ ఫోను చూడకూడదన్న నియమం ప్రకారం మా ఆవిడ అందరి ఫోన్లనూ, వాటితోపాటు కారు తాళాన్నీ అత్తగారి చేతిసంచిలో వేసేసింది. బయలుదేరి పది అడుగులు వేశామో లేదో అత్తగారు ఆగిపోయారు. పార్కు మా ఎడమచేతి వైపు ఉంది. గుడి కాకపోయినా, నెమళ్ళు తిరిగే చోటికి అప్రదక్షిణంగా తిరగడం ఇంటికి అరిష్టమని ఆవిడ తేల్చారు. పిల్లలు అప్పటికే ముందుకు పరుగెత్తారు. చివరికి ఆవిడా మావగారూ కుడిగా, మేము ఎడమగా వెళ్ళేటట్టు, మధ్యలో ఎక్కడో ఒకచోట ఎదురుపడేటట్టు ఒప్పందం కుదిరింది. ఏడో తరగతి చదువుతున్న మావాడు ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళ లెక్కను గుర్తు తెచ్చుకుని, అమ్మమ్మ వేగాన్ని గంటకు మూడు కిలోమీటర్లుగా అంచనా వేసి, యాభై నిమిషాల్లో కలుస్తామని ప్రకటించాడు.

ఆ యాభై నిమిషాలూ హాయిగా గడిచాయి. ఒకచోట ప్రహరీ మీద నెమలి కూర్చుని, తోకను మా వైపు వేలాడదీసి, ముఖం మాత్రం అడవి వైపు తిప్పుకుంది. మరోచోట చెట్టు వేరు పైకి నెట్టిన పలక అంచు తగిలి నేను తూలిపడబోయి, వెనక ఎవరూ చూడలేదని తేల్చుకున్నాక పరుగు మొదలుపెట్టినట్టు నటించాను. అమ్మమ్మ రైలు మాత్రం ఎంతకీ ఎదురు రాలేదు. గంట దాటేసరికి మా ఆవిడ ముఖం మారింది. ఎదురుగా వస్తున్న పెద్దమనిషిని ఆపి, "నేత చీర కట్టుకుని, తెల్ల బూట్లు వేసుకున్న పెద్దావిడ కనిపించారాండీ?" అని అడిగాను. ఆయన నిలబడి ఆలోచించి, "నలుగురు కనిపించారు. మీకు ఏ రంగు చీర కావాలి?" అన్నాడు.

మిగిలిన దూరాన్ని ఎలా నడిచామో నాకు తెలియదు. ఫోన్లు సంచిలో, సంచి అత్తగారి భుజాన, అత్తగారు ఎక్కడున్నారో ఆ నెమలికే తెలియాలి. చెమటతో గేటు చేరేసరికి, బోర్డు కిందనే అరుగు మీద మావగారు రాగిజావ గ్లాసుతో కూర్చుని, బండి అబ్బాయికి గుంటూరు జిల్లా రాజకీయాలు బోధిస్తున్నారు. ఆయన ముందున్న ఖాళీ గ్లాసులను బట్టి అది మూడోది.

"మీరు నడవలేదా నాన్నా?" అని మా ఆవిడ అరిచినంత పని చేసింది.

"నేను మొదటే చెప్పానుగదమ్మా, మళ్ళీ ఇక్కడికేగా రావడం! మీ అమ్మా? కుడివైపు కాస్త దూరం వెళ్ళిందో లేదో, ఎదురుగా మన తెనాలి ఆవిడెవరో వచ్చింది. ఆవిడ మేనకోడలికి సంబంధాలు చూస్తున్నారట. మీ అమ్మ వెనక్కి తిరిగి, ఆవిడతోనే కబుర్లు చెప్పుకుంటూ మీ వెనకాలే వెళ్ళింది."

అంటే గంటన్నరగా మేము ఎవరికోసం ముందుకు చూస్తూ నడిచామో, ఆవిడ అదే వైపుగా మా వెనక నడుస్తూ ఉన్నారన్నమాట! మావాడు ఈ రైళ్ళ లెక్క తమ పుస్తకంలో లేదన్నాడు.

మరో అరగంటకు అత్తగారు అలసట అనేదే లేకుండా, సంచిలో ఆ అమ్మాయి వివరాల కాగితంతో వచ్చారు. "అప్రదక్షిణం అరిష్టమన్నారు కదండీ?" అని నేను మర్యాదగానే అడిగాను. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు ఆ దోషం అంటదని ఆవిడ చెప్పి, అయినా మనసులో పీకుతోందంటూ, ఎడమగా తిరిగిన దానికి విరుగుడుగా కుడిగా మరో చుట్టు తిరిగితే గాని ఇంటికి రానన్నారు. ఆవిడను ఒంటరిగా పంపడం కుదరదు. మా ఆవిడ పిల్లల వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, చివరికి నా బూట్ల వైపు చూసింది.

నేను కిందికి వంగి లేసులు బిగించుకున్నాను. మావగారు నాలుగో గ్లాసు చెప్పారు.