24 గంటల గారికి ఒక బహిరంగ లేఖ

ఆర్యా,

నేను మీకు తెలియకపోవచ్చు. క్రిమినల్ కోర్టుల్లో సీనియర్ వెనకాల ఫైళ్లు మోసే జూనియర్ని. మీ పేరు రోజుకు పదిసార్లయినా తలుచుకుంటాను గానీ మిమ్మల్ని ఎదురుగా చూసిన పాపాన పోలేదు.

మీ ఉద్యోగం నాకు కంఠతా వచ్చు. వారెంటు లేకుండా అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, ఆయన ఆర్డరు లేకుండా అంతకుమించి ఉంచుకోకూడదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 61వ సెక్షన్‌లో కాపురం ఉన్నారు. 1973 కోడ్‌లో 57కి మారారు. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 58. ఇవన్నీ అద్దె ఇళ్లే అనుకున్నా, సొంతిల్లు వేరే ఉంది మీకు: రాజ్యాంగం, 22వ అధికరణ, రెండో క్లాజు. ప్రాథమిక హక్కుల వీధిలో ఇల్లంటే మాటలా!

ఇంతటి వారిని ఒక్కటే అడగాలని ఈ ఉత్తరం. అసలు మీరు ఎప్పుడు మొదలవుతారండీ?

ఎందుకడుగుతున్నానో చెప్తాను. మా దగ్గరికి ఒక కుర్రాడి కేసు వచ్చింది. ఎవరిదో సెల్‌ఫోన్ పోయింది, ఆ వ్యవహారంలో ఇతని మీద అనుమానం. మంగళవారం ఇంటర్వ్యూ ఉందని పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పదింటికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. "చిన్న ఎంక్వైరీ అమ్మా, అరగంటలో పంపించేస్తాం" అన్నారు వాళ్లమ్మతో. ఆమె నమ్మింది. పోలీసు అరగంట మీకన్నా చాలా పెద్దదని ఆమెకేం తెలుసు?

సాయంత్రానికీ రాకపోతే ఆమే స్టేషన్‌కు వెళ్లింది. గేటు పక్కన చెట్టు కింద కూర్చుంది. బుధవారం కూడా అక్కడే. ఎందుకు అరెస్టు చేశారు బాబూ అని అడిగితే సెంట్రీ నొచ్చుకున్నాడట. "అరెస్టు ఎక్కడ చేశామమ్మా? ఊరికే అదుపులో ఉన్నాడంతే."

అదుపు! ఈ మాట కనిపెట్టినవాడికి దండం పెట్టాలి. పేపర్లో రోజూ చదువుతాం, "పలువురిని అదుపులోకి తీసుకున్నారు" అని. అరెస్టు అంటే మీరు లేచి కూర్చుంటారు, మెమో రాయాలి, కారణాలు చెప్పాలి, చుట్టాలకు కబురు చెయ్యాలి. అదుపు అంటే అవేమీ అక్కర్లేదు, మీ నిద్ర చెడదు. 1980లోనే సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక తీర్పు రాస్తూ, మనిషిని పట్టుకున్నాం గానీ అరెస్టు చెయ్యలేదు, ప్రశ్నించడానికి ఉంచుకున్నాం గానీ కస్టడీలోకి తీసుకోలేదు లాంటి మాటలను దాగుడుమూతల కింద తీసిపారేశారు. ఆట మాత్రం ఆగలేదు. కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టే వంతు ప్రతిసారీ మీదే.

గురువారం మధ్యాహ్నం ఆమెను లోపలికి పిలిచారు. అక్కడ స్టేషన్ రికార్డులు రాసే రైటర్ గారు ఉంటారు. స్టేషన్‌లో పెద్ద కుర్చీ ఇన్‌స్పెక్టర్ గారిదే అయినా సిద్ధాంతి మాత్రం రైటరే. స్టేషన్‌లో రోజూ జరిగేవన్నీ రాసే జనరల్ డైరీ ఆయన పంచాంగం. అన్నీ చూసుకుని అరెస్టుకు ముహూర్తం పెట్టేది ఆయనే. బిడ్డ మంగళవారం పుట్టినా జాతకం గురువారానికి రాయగల సమర్థుడు. ఒక్కోసారి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్, పడిందని తెలిస్తే మూఢాలూ శూన్యమాసాలూ చూడకుండా అప్పటికప్పుడు ముహూర్తం కుదిరిపోతుంది.

ఆమె ముందు అరెస్టు మెమో పెట్టారు. దాని కథ మీకు తెలిసిందే. డి.కె. బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు వివరంగా రాసింది: అరెస్టు చేసినప్పుడే మెమో తయారు చెయ్యాలి, అందులో తేదీ, టైము ఉండాలి, కుటుంబంలో ఒకరో ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షి సంతకం చెయ్యాలి, అరెస్టయినవాడు కూడా చెయ్యాలి. ఇప్పుడది చట్టంలోనే ఉంది, ఆ కొత్త సంహితలో 36వ సెక్షన్. ఎవరినైనా గప్‌చుప్‌గా ఎత్తుకుపోతారేమోనని పెట్టిన సాక్షి అది.

ఇక్కడ ఏం జరిగిందో వినండి. "సంతకం పెట్టమ్మా, తొందరగా కోర్టుకు పంపిస్తాం, బెయిల్ వస్తుంది" అన్నారు. పెట్టింది. ఆ కాగితం ప్రకారం ఆమె కొడుకు గురువారం సాయంత్రం 4 గంటలకు బస్టాండు దగ్గర అరెస్టయ్యాడు. ఆమె కళ్లెదుటే. మూడు రోజులుగా స్టేషన్ గేటు దగ్గర చెట్టు కింద కూర్చున్న మనిషి, అదే టైములో బస్టాండు దగ్గర కొడుకు అరెస్టును కళ్లారా చూసింది! మిమ్మల్ని కాపాడటానికి పెట్టిన సాక్షి చేతే మీ పుట్టినరోజు మార్పించారు. పనిలో పనిగా చూశాను, సంతకాలన్నీ నీలం ఇంకు. టైము ఒక్కటే నల్ల ఇంకు.

నిందితుణ్ని కస్టడీలో ఉంచమని పోలీసులు కోర్టుకిచ్చే రిమాండ్ రిపోర్టు చదివితే ఎక్కడో చదివినట్టే ఉంటుంది. "నమ్మదగిన సమాచారం మేరకు సిబ్బందితో వెళ్లగా, అనుమానాస్పదంగా తిరుగుతూ, మమ్మల్ని చూసి పారిపోవుటకు ప్రయత్నించగా, వెంబడించి పట్టుకొనడమైనది." నా చిన్న సర్వీసులో ఇలాంటి వాక్యం ఎన్ని ఫైళ్లలో చూశానో. పోలీసులను చూసి తాపీగా నడిచి వెళ్లిన నిందితుడు ఒక్కడూ తగల్లేదు నాకు.

శుక్రవారం 11 గంటలకు కోర్టులో ప్రవేశపెట్టారు. కాగితం లెక్కన 19 గంటలు. మీలో ఇంకా 5 గంటలు చిల్లర మిగిలింది. మంగళవారం నుంచి లెక్కేస్తే 73. అంటే మీలాంటి వాళ్లు ముగ్గురు, పైన కొసరు ఒక గంట.

మెజిస్ట్రేటు గారు అడగాల్సినవి అడిగారు. "ఎప్పుడు పట్టుకొచ్చారు?" కుర్రాడు పక్కనున్న కానిస్టేబుల్ బూట్ల వైపు చూశాడు. "నిన్న సార్." "కొట్టారా?" "లేదు సార్." మా సీనియర్ లేచి, "అయ్యా, మంగళవారం పొద్దున నున్నగా గీసుకున్న గడ్డం ఇది, నిన్న సాయంత్రం బస్టాండులో పట్టుకున్నదే నిజమైతే మధ్యలో ఈ రెండు రోజులూ ఎక్కడ తిరిగాడో, ఆ ఇస్త్రీ చొక్కా ఎందుకలా నలిగిందో, స్టేషన్ సీసీ కెమెరా తెప్పించి చూడండి" అన్నారు. సర్కారు తరఫు లాయరు గారు నవ్వాపుకుంటూ, గడ్డం రిమాండ్ రిపోర్టుకు జతపరిచిన డాక్యుమెంటు కాదన్నారు.

కెమెరా సంగతి మళ్లీ వేరే పురాణం. ప్రతి స్టేషన్‌లో గేటు దగ్గర, లాకప్‌లో, వరండాలో కెమెరాలుండాలని, రికార్డింగును 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాదైనా దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మా కేసులో ఆ మూడు రోజులూ కెమెరా రిపేరులో ఉందట. దానికి శుక్రవారం ఆరోగ్యం కుదుటపడింది.

అసలు అరెస్టే అక్కర్లేని కేసు ఇది. మామూలు దొంగతనానికి శిక్ష ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఊరికే అరెస్టు చెయ్యొద్దు, అవసరం లేకపోతే నోటీసు ఇచ్చి పిలవండి అని 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. పాత కోడ్‌లో 41ఏ నోటీసంటే చిన్నపిల్లలక్కూడా తెలుసు, ఇప్పుడు కొత్త సంహితలో 35(3). అదే తీర్పు కోర్టులకూ చురక పెట్టింది: అరెస్టు ఎందుకు అవసరమైందో చూసుకుని, సంతృప్తి చెందితే అది రాసి మరీ రిమాండ్ ఇవ్వండని. మా ఆర్డరులో "రికార్డు పరిశీలించితిని" అని ఉంది. ఆ ముక్క ముందే టైపు చేసి ఉంది. రిమాండ్ 14 రోజులు.

కానిస్టేబుళ్ల మీద నాకు కోపం లేదండీ. కుర్రాణ్ని తీసుకొచ్చిన ఆయన కోర్టు వరండాలో గోడకు ఆనుకుని నిలబడే కునికాడు. ఇంటికి వెళ్లి ఎన్నాళ్లయింది అంటే వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆయన డ్యూటీకి మీరున్నా బాగుండేది.

మరో మాట మర్చిపోయాను. స్టేషన్ నుంచి కోర్టుకు ప్రయాణానికి పట్టే టైమును మీలోంచి తీసెయ్యాలని చట్టమే చెప్తోంది. మా స్టేషన్‌కూ కోర్టుకూ మధ్య ఒక ప్రహరీ గోడ అడ్డం. నడిచి వస్తే నాలుగు నిమిషాలు.

కుర్రాడి తల్లి మాత్రం బెయిలు కాగితాల మీద సంతకం పెట్టే ముందు నన్ను మూడుసార్లు అడిగింది, "ఇందులో ఏం రాశారు బాబూ?" అని. మూడుసార్లూ చదివి వినిపించాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక జూనియర్ లాయరు

తేదీ, టైము ఖాళీగా వదిలేశాను. రైటర్ గారిని అడిగి నింపించుకోగలరు.