లైట్లు కట్టేసే శాఖ

మా ఇంట్లో విద్యుత్ పొదుపు శాఖ నా చేతిలో ఉంది. దీనికి ఎన్నికలేమీ జరగలేదు. ఒక నెల కరెంటు బిల్లు చూసి సోఫాలోంచి లేచి నిలబడ్డాను. అంతే, పదవి దానంతటదే వచ్చి మీద పడింది. అప్పటినుంచీ ఏ గదిలో మనిషి లేకుండా లైటు వెలుగుతున్నా, వాన వచ్చే ముందు కొందరికి మోకాళ్ళు లాగినట్టు, నాకు ఒంట్లో తెలిసిపోతుంది. మనిషి ఉన్న గదిలో కూడా, ఆ మనిషి చేసే పనికి అంత వెలుగు అవసరమా అని విచారణ జరుపుతాను. మా ఆవిడ బాత్రూంలో ఉండగా రెండుసార్లు లైటు కట్టేశాను. రెండోసారి తర్వాత మా మధ్య జరిగిన చర్చల వివరాలు శాఖ బయటపెట్టదు.

ఇంత అనుభవాన్ని ఒక్కడినే అట్టేపెట్టుకోవడం భావ్యం కాదనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. ఇల్లు నడిపేవాళ్ళకీ వ్యాపారం నడిపేవాళ్ళకీ పనికొస్తుంది. బిల్లు తగ్గిందా అని మాత్రం మధ్యలో అడ్డు తగలకండి.

ముందుగా చార్జర్ల సమస్య. రాత్రి పది గంటలకు నేను ఇల్లంతా గస్తీ తిరుగుతాను. ఫోన్ లేకుండా ప్లగ్గులో వేలాడే చార్జర్‌ని చూస్తే నాకు కాలికి పట్టిన జలగ గుర్తొస్తుంది. పీకేస్తాను. పొద్దున్న ఎవరి చార్జర్ ఎవరి గదిలో ఉందో తెలియక ఇంట్లో కేకలు మొదలవుతాయి. ఏ సంస్కరణకైనా మొదట్లో ఇలాంటి వ్యతిరేకత తప్పదు.

మా ఇంటి ప్రతిపక్షం పదో తరగతి చదువుతోంది. ఒక రాత్రి కాగితం మీద లెక్క వేసి తెచ్చింది.

"నాన్నా, ఇప్పటి మంచి చార్జర్ ఖాళీగా ఉంటే తినేది వాట్‌లో పదో వంతు. ఏడాదికి 8,760 గంటలు. మొత్తం 876 వాట్-అవర్లు. వెయ్యి అయితేగానీ ఒక యూనిట్ కాదు. అంటే ఏడాది పొడుగునా అది నీకు యూనిట్ కూడా ఖర్చు పెట్టదు."

"చుక్క చుక్క చేరితేనే..."

"మన గీజర్‌లో 25 లీటర్ల నీళ్ళు పడతాయి. 25 డిగ్రీల నీళ్ళని 60 డిగ్రీలకు తేవాలంటే దాదాపు ఒక యూనిట్ కావాలి. అది 2,000 వాట్లది కాబట్టి అరగంటలో తినేస్తుంది. నువ్వు ఒక్క స్నానం చేస్తే ఒక చార్జర్ ఏడాది జీవితం అయిపోయినట్టే."

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. నాకు మెడ పట్టేస్తుంది. వేడినీళ్ళ షవర్ కింద ఇరవై నిమిషాలు నిలబడితే తప్ప అది వదలదు. గీజర్ ముందుగానే వేసిపెట్టుకుంటాను, స్నానం అయ్యాక ఒక్కోసారి మర్చిపోతాను. ఇది ఆరోగ్య శాఖకు సంబంధించిన విషయం. దీన్ని విద్యుత్ పొదుపుతో ముడిపెట్టడం చిన్నపిల్లల చేష్ట.

అయినా లెక్కలంటే నాకు గౌరవం ఉంది కాబట్టి, స్వయంగా తేల్చుకుందామని ఒక రాత్రి మీటరు దగ్గరికి వెళ్ళాను. మా మీటరు మీద ఒక చిన్న ఎర్రలైటు ఉంటుంది. అది 3,200 సార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్ అని పక్కనే రాసుంది. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపించి, ఒక్క ఖాళీ చార్జర్ మాత్రం ప్లగ్గులో ఉంచి, స్టూలు వేసుకుని కూర్చున్నాను. దొంగని పట్టుకోవడానికి చెట్టు చాటున నక్కిన మనిషిలా ఊపిరి బిగబట్టి ఆ లైటునే చూస్తున్నాను. పావుగంట అయింది. అరగంట అయింది. దోమలు నన్ను తమ శాఖలో కలుపుకున్నాయి.

"ఏమండీ, చీకట్లో ఏం చేస్తున్నారు?" మా ఆవిడ ఫోన్ టార్చి వేసింది.

"ఆర్పు. దొంగ ఇప్పుడే బయటికొస్తాడు."

"మూడు గంటలకి ఒకసారి వస్తాడట. అమ్మాయి లెక్క కట్టింది. లోపలికి రండి."

ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ ఇంకా ఘోరమైన మాట చెప్పాడు. అంత సన్నటి కరెంటు ఒక్కటే పారుతుంటే మీటరు దాన్ని లెక్కలోకే తీసుకోదట. కదలాలంటే దానికీ ఒక కనీస మోతాదు ఉంటుందట. అంటే తెల్లవారేదాకా కూర్చున్నా దొంగ వచ్చేవాడు కాదు. ఆ రాత్రి మా అమ్మాయి లోపలికెళ్ళి గీజర్ స్విచ్ వేసింది. ఎర్రలైటు సెకనుకు దాదాపు రెండుసార్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది, నా గుండె కంటే వేగంగా. మీటరు పాడైందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

బల్బుల విషయంలో మాత్రం నేను చరిత్ర సృష్టించాను. పాతకాలపు 60 వాట్ల బల్బు తినే కరెంటులో వెలుగుగా మారేది నూటికి ఐదు పాళ్ళో ఎంతో. మిగిలిందంతా వేడే. అది బల్బు వేషం వేసుకున్న పొయ్యి. దాదాపు అదే వెలుగు ఎల్ఈడీ 9 వాట్లలో ఇస్తుంది. ఆ తెల్లటి వెలుగుకు మూలమైన నీలం ఎల్ఈడీని కనిపెట్టిన ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు. మా ఇంట్లో ఎప్పుడూ వెలిగే నాలుగు బల్బులూ మార్చేశాను. 240 వాట్లు 36 అయ్యాయి. ఆ విజయగర్వంలో, ఇంత తక్కువ తింటాయి కదా అని మెట్లకు నాలుగు, బాల్కనీకి ఐదు, మొక్కల మధ్య ఆరు, అద్దం చుట్టూ నాలుగు పెట్టించాను. మొత్తం 23. అంటే 207 వాట్లు. ఇంత చేసినా 33 వాట్లు మిగిల్చాను, గమనించగలరు. ఆవిరి యంత్రాలు మెరుగుపడి తక్కువ బొగ్గుతో నడుస్తుంటే, బొగ్గు వాడకం తగ్గే బదులు పెరుగుతోందని జెవన్స్ అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త 1865లోనే ఎత్తిచూపాడు. నా మొక్కలను ఆయన ముందే చూశాడన్నమాట.

తర్వాత పొదుపు పెట్టె. ప్లగ్గులో పెడితే చాలు, బిల్లు మూడో వంతు తగ్గుతుందని ఒకాయన గుమ్మంలోకి వచ్చి చెప్పాడు. పచ్చలైటు వెలిగే తెల్లటి పెట్టె. పచ్చలైటు వెలిగే వస్తువు అబద్ధం చెప్పదని నా నమ్మకం. ఆ నెల బిల్లు నిజంగానే తగ్గింది. ఆ నెలలో పన్నెండు రోజులు మేము ఇంట్లో లేకపోవడం కాకతాళీయం. ప్రతిపక్షం స్క్రూడ్రైవర్‌తో దాన్ని విప్పింది. లోపల ఒక చిన్న కెపాసిటర్, పచ్చలైటు, నాలుగు తీగలు. కెపాసిటర్‌కి ఫ్యాక్టరీలో పని ఉంటుంది, అక్కడ పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, పడిపోతే బిల్లులో జరిమానా పడుతుంది కాబట్టి. మామూలు ఇంటి మీటరు నిజంగా వాడిన యూనిట్లనే లెక్కపెడుతుంది, కెపాసిటర్‌ని చూసి ముఖమాటపడదు. పెట్టెలో కరెంటుతో పనిచేసేది పచ్చలైటు ఒక్కటే, దాని ఖర్చు నాదే.

ఏసీ గురించి ఒక్క మాటలో చెప్పేస్తాను. గది త్వరగా చల్లబడాలని 16 పెడతాను, ఆపైన దుప్పటి కప్పుకుంటాను. పాత రకం ఏసీలో కంప్రెసర్ 16 పెట్టినా 25 పెట్టినా ఒకే జోరుతో తిరుగుతుందట. 16 పెడితే గది త్వరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, అంతే తేడా అట. ఒక్కో డిగ్రీ పెంచితే ఐదారు శాతం కరెంటు మిగులుతుందని చెప్పేవాళ్ళున్నారు. నేను పొదుపు వేరే విధంగా చేస్తాను. ఏసీ వేసినప్పుడు ఫ్యాను కట్టేస్తాను. 1,500 వాట్ల పక్కన 75 వాట్లు దండగ కదా. ఫ్యాను గాలి ఉంటే 26 డిగ్రీల్లో కూడా హాయిగా నిద్రపడుతుందని మా ఆవిడ అంటుంది. ఆమెకు దుప్పటి సుఖం తెలియదు.

ఇక వ్యాపారం. మా ఆఫీసులో విద్యుత్ ఖర్చు తగ్గింపు కమిటీ వేశారు. సహజంగానే నేనూ సభ్యుణ్ణి. మొదటి సమావేశం పెద్ద హాల్లో, ప్రొజెక్టర్ వేసుకుని, ఏసీ 18లో పెట్టుకుని మూడు గంటలు సాగింది. అందరం స్వెటర్లు వేసుకున్నాం. ప్రతి స్విచ్ పక్కనా "వెళ్ళేటప్పుడు లైటు ఆర్పండి" అని రంగుల్లో అచ్చు వేయించి, ప్లాస్టిక్ తొడిగించి అంటించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఎందుకో నా కాళ్ళకు వెచ్చగా తగిలింది. వంగి చూశాను. పక్కావిడ బల్ల కింద చిన్న హీటరు, 1,000 వాట్లది, ఎర్రగా కాలుతోంది. ఏసీ చలికి కాళ్ళు కొంకర్లు పోతున్నాయని ఇంటినుంచి తెచ్చుకుందట. ఆ వేడిని బయటికి తోడడానికి ఏసీ ఇంకొంచెం కష్టపడుతోంది, ఆ చలికి ఆవిడ హీటరు ఇంకొంచెం పెంచుతోంది. ఒకే గదిలో రెండు యంత్రాలు కుస్తీ పడుతుంటే, గెలిచినా ఓడినా బిల్లు కట్టేది ఆఫీసే. ఈ విషయం కమిటీ ముందు పెడదామనుకున్నాను గానీ, ఎజెండాలో లేదు. పైగా నా కాళ్ళు కూడా వెచ్చగానే ఉన్నాయి.

మా బావమరిదికి ఒక వర్క్‌షాపు ఉంది. నా శిష్యుల్లో అగ్రగణ్యుడు. "బావా, గేటు దగ్గర రాత్రి బల్బు తీసేయించా" అని గర్వంగా ఫోన్ చేస్తే చూద్దామని వెళ్ళాను. భోజనాల వేళ. మనుషులు లేరు, యంత్రాలు ఆగి ఉన్నాయి. కానీ షెడ్డంతా బుస్సుమని ఒకటే శబ్దం, పాముల పుట్టలో నిలబడ్డట్టు. యంత్రాలకు గాలిని నొక్కి పంపే కంప్రెసర్ ఒకటుంది, దాని గాలి గొట్టాల అతుకుల్లోంచి కారుతోంది. ఎవరూ వాడకపోయినా, ఆ కారిన గాలిని నింపడానికి కంప్రెసర్ మాటిమాటికీ గుర్రుమంటూ లేస్తోంది. అక్కడి మెకానిక్ మగ్గులో సబ్బునీళ్ళు కలిపి బ్రష్‌తో అతుకుల మీద రాశాడు. చూస్తుండగానే బుడగలు ఉబ్బాయి. పద్నాలుగు చోట్ల లెక్కపెట్టాం.

"6 బార్ల ఒత్తిడి మీద 3 మిల్లీమీటర్ల బెజ్జం ఒక్కటి ఉంటే 3 కిలోవాట్లకు పైనే పోతుంది సార్" అన్నాడు మెకానిక్. "సరిగ్గా చూసుకోని షాపుల్లో కంప్రెసర్ గాలిలో ఐదో వంతు, నాలుగో వంతు ఇలా ఊరికే పోవడం మామూలే."

"కనపడదు కదా బావా" అన్నాడు బావమరిది, జాలిగా. నిజమే. గాలి కనపడదు. బల్బు కనపడుతుంది. శాఖ అన్నాక కనపడేదాని మీద చర్య తీసుకోవాలి.

ఆ మెకానిక్ ఇంతటితో ఆగే రకం కాదు. నీళ్ళ పంపు మోటారు ఫుల్ స్పీడులో తిరుగుతుంటే వాల్వు సగం మూసి నీళ్ళు తగ్గిస్తున్నారనీ, ఇది యాక్సిలరేటర్ తొక్కిపట్టి బ్రేకుతో బండి నడపడమేననీ అన్నాడు. మోటారు స్పీడు మార్చే డ్రైవ్ అనే పరికరం పెట్టి స్పీడు ఐదో వంతు తగ్గిస్తే, అలాంటి పంపుకి కరెంటు దాదాపు సగం అవుతుందట. కరెంటు స్పీడుకి ఘనం (క్యూబ్) లెక్కన తగ్గుతుందట, అంటే 0.8 × 0.8 × 0.8. పొద్దున్నే తొమ్మిదింటికి అన్ని మోటార్లూ ఒక్కసారే వేస్తారు కాబట్టి, నెల మొత్తంలో ఆ పావుగంటో అరగంటో నమోదైన గరిష్ఠ డిమాండ్‌కి, అంటే అన్నీ కలిసి ఒకేసారి లాగిన అత్యధిక కరెంటుకి, బిల్లులో విడిగా చార్జీ పడుతోందనీ, ఒక్కో యంత్రాన్నీ కాసేపు ఎడం ఇచ్చి వేస్తే పైసా ఖర్చు లేకుండా అది తగ్గుతుందనీ చెప్పాడు.

బావమరిది అంతా శ్రద్ధగా విని, సబ్బు ఖర్చు ఏ పద్దులో రాయాలని నన్ను అడిగాడు.

ఈ నెల బిల్లు నిన్ననే వచ్చింది. పోయిన నెలకంటే ఎక్కువ. అత్యవసర సమావేశం పెట్టి, చార్జర్ల విషయంలో ఇంట్లో క్రమశిక్షణ సడలిందని ప్రకటించాను. ప్రతిపక్షం మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని బాత్రూం దగ్గరికి తీసుకెళ్ళింది. గీజర్ స్విచ్ మీద బియ్యపుగింజంత ఎర్రలైటు. పొద్దున్న నా స్నానం అయినప్పటినుంచీ వెలుగుతూనే ఉంది. లోపల నీళ్ళు కాగడం, చల్లారడం, మళ్ళీ కాగడం సాయంత్రందాకా జరుగుతూనే ఉందట.

"చూశావా నాన్నా?"

చూశాను. రోజంతా, ఒక్క మనిషి కూడా లేని చోట, ఒక లైటు వెలుగుతోంది. ఇన్నాళ్ళూ నా కళ్ళబడకుండా ఎలా తప్పించుకుందో ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. రేపు పొద్దున్నే వచ్చి ఆ ఎర్రలైటు పీకేస్తానన్నాడు. నేను స్నానం చేశాకే రమ్మన్నాను.