కాలి పొక్కులకు ‘మూడు రోజుల చిట్కా’: ఎక్కడెక్కడ తప్పు?

వాట్సాప్‌లో తిరిగే ఆ చిట్కా సారాంశం ఇది: పాదాల మీద దురద పొక్కులంటే ఫంగసే, సూదితో గుచ్చి నీరు తీసెయ్యాలి, వెల్లుల్లి నూరి కట్టాలి, తగ్గకపోతే మందుల షాపులో దొరికే ‘అన్నీ కలిసిన’ క్రీమ్ పూస్తే మూడు రోజుల్లో మాయం.

‘పొక్కులంటే ఫంగసే’. కాదు. రెండు పాదాలకూ, వేళ్ల పక్కలా అరికాళ్లలో, సగ్గుబియ్యం గింజలు చర్మంలో కూరుకున్నట్టు కనిపిస్తే అది చాలావరకు పాంఫోలిక్స్ అనే ఎగ్జిమా, అంటే ఫంగస్‌తో పనిలేని చర్మపు వాపు. ఫంగస్, అంటే తామర, తరచూ ఒక పాదంతో మొదలవుతుంది: చిటికెనవేలి సందు నానినట్టు తెల్లబడుతుంది, లేదా పాదం వంపులో పొక్కులు లేస్తాయి. చెప్పు పట్టీ ఆనినంత మేరే పొక్కితే రబ్బరునో, జిగురునో, తోలు పదునుకు వాడే క్రోమియంనో అనుమానించాలి. రాత్రిళ్లు దురద ఎక్కువై, ఇంట్లో ఇంకొకరూ గోక్కుంటుంటే గజ్జి. చూపుకి తేలకపోతే పొక్కు పైపొర కాస్త తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. చిన్న పరీక్షే.

‘గుచ్చి నీరు తియ్యాలి’. ఆ పైపొరే కట్టుగుడ్డ. అది చిరిగితే చీము పట్టడానికి దారి దొరుకుతుంది. పాంఫోలిక్స్ పొక్కులు రెండు మూడు వారాల్లో వాటంతటవే ఎండి పొట్టు రాలతాయి.

‘వెల్లుల్లి కట్టాలి’. పచ్చి వెల్లుల్లి చర్మాన్ని కాలుస్తుంది. షుగర్‌తో పాదాల స్పర్శ తగ్గినవారికి కాలిన సంగతే తెలియదు.

ఇక క్రీమ్. అసలు చెరుపు ఇక్కడే. అందులో సాధారణంగా క్లోబెటసాల్ లాంటి ఘాటు స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు ఉంటాయి. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది కాబట్టి మూడో రోజుకి తగ్గినట్టే ఉంటుంది, చిట్కా పంపినవాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కానీ చర్మం రక్షణ సన్నగిల్లి తామర లోలోపల పాకుతుంది. మానగానే రెట్టింపై తిరిగొస్తుంది, అంచులు చెదిరి డాక్టరుకీ గుర్తు దొరకదు. ఎగ్జిమాకు మందైన స్టెరాయిడే తామరకు ఎరువు. 2018లో చర్మానికి పూసే పలు స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారనుకోండి.

తామరని తేలితే టెర్బినాఫిన్ 1 శాతం క్రీమ్ ఒకటి రెండు వారాలు, లేదా క్లోట్రిమజోల్ రోజుకు రెండుసార్లు నాలుగు వారాలు. మచ్చ దాటి రెండు సెంటీమీటర్ల మేర పూయాలి. దురద పోగానే ఆపేయడమే తిరగబెట్టడానికి పెద్ద కారణం. పాంఫోలిక్స్ రసి కారుతుంటే 10 లీటర్ల నీళ్లలో ఒక గ్రాము పొటాషియం పర్మాంగనేట్ పూర్తిగా కరిగించి, లేత గులాబీ రంగు నీళ్లలో 10–15 నిమిషాలు పాదాలుంచాలి. కరగని పలుకు తగిలితే చర్మం కాలుతుంది. స్టెరాయిడ్ డాక్టరు చెప్పినన్ని రోజులే.

చీము, జ్వరం, కాలిపైకి పాకే ఎర్రటి గీత ఉన్నా, షుగర్ ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.