అద్దె బల్ల వేస్తే హెచ్‌ఆర్ పని సగమవుతుందా?

"సొంత ఆఫీసు వదిలేసి ఉద్యోగులను కోవర్కింగ్ స్పేస్‌లో కూర్చోబెట్టండి, హెచ్‌ఆర్ విభాగం పని సగానికి సగం తగ్గుతుంది." ఈమధ్య ఎవరిని కదిపినా ఇదే మాట. కోవర్కింగ్ స్పేస్ అంటే వేర్వేరు సంస్థలవాళ్లు బల్లలు అద్దెకు తీసుకుని ఒకేచోట పనిచేసుకునే ఆఫీసు. దానికి చూపే కారణాలు నాలుగు. చాలాకాలంగా హెచ్‌ఆర్‌లోనే, అంటే ఉద్యోగుల నియామకాలు, ఫిర్యాదులు, తొలగింపులు చూసే పనిలోనే ఉన్నదాన్ని కాబట్టి ఒక్కొక్కటే తీసుకుంటాను.

మనుషులు తేలిగ్గా దొరుకుతారట. ఇందులో కొంత నిజముంది. ఆఫీసు లేని ఊళ్లో మంచి మనిషి దొరికితే అక్కడే ఒక బల్ల అద్దెకు తీసుకుని చేర్చుకోవచ్చు. ఆ ఊరు వేరే దేశంలో ఉంటే మాత్రం అక్కడి పన్నులు, సెలవులు, తొలగింపు నిబంధనలు మళ్లీ హెచ్‌ఆర్ నెత్తికే వస్తాయి.

ఉద్యోగం మానేసేవారు తగ్గుతారట. ఇలాంటి చోట్ల పనిచేసేవారు సంతోషంగా ఉంటారన్నదే దీనికి ఆధారం. కానీ వాళ్లెవరు? 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ ఈ పద్ధతి మొదలుపెట్టింది ఒంటరిగా, స్వతంత్రంగా పనిచేసేవాళ్ల కోసం. కోరి వెళ్లినవాళ్ల సంతోషాన్ని, యాజమాన్యం పంపితే వెళ్లినవాళ్లకు అంటగట్టడం ఏం లెక్క? జీతం పెరగకో, పై అధికారితో పొసగకో రాజీనామా రాసుకున్నవాళ్లు కాఫీ బాగుందని దాన్ని చించేయరు.

కలుపుగోలుతనం దానంతట అదే వస్తుందట. బెర్న్‌స్టీన్, టర్బన్ అనే ఇద్దరు పరిశోధకులు గోడలు తీసేసి తెరిచిన ఆఫీసులకు మారిన రెండు పెద్ద సంస్థలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం పడిపోయాయి, ఈమెయిళ్లు పెరిగాయి. అవి సొంత ఆఫీసులే, నిజమే. అక్కడే అలా ఉంటే, సగంమంది పరాయివాళ్లుండే హాలులో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నవాళ్లు ఎవరితో కలుస్తారు?

ఇక నాలుగోది, అసలు తిరకాసంతా ఇక్కడే: బాధ్యతలన్నీ స్థలం నడిపేవాళ్లే చూసుకుంటారట. కరెంటు, ఇంటర్నెట్, ఊడవడం వాళ్లే చూస్తారు, కాదనను. అవెప్పుడు హెచ్‌ఆర్ పనులయ్యాయి? మా సంస్థ ఏడాదిపాటు అలాంటి చోట నడిచింది. ఒక సహోద్యోగికి ఉద్యోగం పోయిందని అద్దాల గదిలో చెప్పాల్సి వచ్చింది. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే, తర్వాతి గంటకు గది బుక్ చేసుకున్నవాళ్లు బయట నిలబడి గడియారం చూసుకుంటున్నారు. మరోరోజు ఒక ఆఫర్ లెటర్ అందరూ వాడే ప్రింటర్ ట్రేలో ఉండిపోయింది. పరాయి సంస్థ కుర్రాడెవరో మర్యాదగా తెచ్చిచ్చాడు, జీతం అంకె పైకి కనిపించేలా పట్టుకుని.

వేధింపుల ఫిర్యాదు వచ్చిందనుకోండి. ఫిర్యాదు చేసిన వ్యక్తి మన ఉద్యోగి, ఆరోపణ పక్క సంస్థ ఉద్యోగి మీద. విచారణ ఎవరు జరపాలి? ఇద్దరినీ దూరంగా కూర్చోబెట్టే అధికారం ఎవరిది? ఇవి ఒప్పందంలో ముందే రాసుకోకపోతే మూడు పక్షాల మధ్య ఉత్తరాలు తిరుగుతూనే ఉంటాయి. ఆ స్థలం ఉంటుందన్న భరోసా కూడా అంతంతమాత్రమే. 2019 జనవరిలో 4,700 కోట్ల డాలర్ల విలువ కట్టించుకున్న వీవర్క్ అనే కోవర్కింగ్ సంస్థ, 2023 నవంబరులో దివాలా రక్షణ కోరింది.

ఇప్పుడు నన్ను కొత్త స్థలం చూసి రమ్మంటే ముందు ఒకరిని మీటింగ్ గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, మామూలు గొంతుతో జీతాల పట్టీ చదవమంటాను. నేను బయట నిలబడి వింటాను.